100 నానోమీటర్ల నియోబియం ఫిల్మ్ టీసీ 7.6 కె దగ్గరే ఆగిపోతోంది: తప్పు గ్రెయిన్లదా, వాక్యూమ్‌దా?

ఏర్పేడు_ప్యాసింజర్ (తిరుపతి)

అందరికీ నమస్తే. మైక్రోవేవ్ రెజొనేటర్ల కోసం డీసీ మాగ్నెట్రాన్ స్పటరింగ్‌తో (ఆర్గాన్ ప్లాస్మాతో లోహపు టార్గెట్‌ను కొట్టి, లేచిన పరమాణువులను పొరగా వేసే పద్ధతి) నియోబియం ఫిల్మ్‌లు వేస్తున్నాం. టీసీ (ఫిల్మ్ అతివాహకంగా మారే ఉష్ణోగ్రత) 9 కె, అంటే 9 కెల్విన్ దాటాలి, దాటడం లేదు. వివరాలన్నీ ఇస్తున్నాను, దాపరికం ఏమీ లేదు.

సబ్‌స్ట్రేట్ 2 అంగుళాల సిలికాన్, మందం 280 మైక్రాన్లు, పైన 300 నానోమీటర్ల ఆక్సైడ్. వేడి చేయడం లేదు. టార్గెట్ నుంచి దూరం 80 మిల్లీమీటర్లు. బేస్ ప్రెషర్ 8×10⁻⁷ మిల్లీబార్. బేకింగ్ లేదు, లోడ్‌లాక్ లేదు. ఆర్గాన్ (99.999 శాతం) 20 ఎస్‌సీసీఎం (నిమిషానికి ప్రామాణిక ఘన సెంటీమీటర్లు) పంపి, గేట్ వాల్వ్ చాలావరకు మూసి 1.3 పాస్కల్ దగ్గర నిలుపుతున్నాం. రేటు సెకనుకు 0.3 నానోమీటర్. మందం క్రిస్టల్ మానిటర్ ప్రకారం 100 నానోమీటర్లు.

ఫలితాలు: షీట్ నిరోధం 300 కె దగ్గర 3.8 ఓమ్‌లు, 10 కె దగ్గర 2.0 ఓమ్‌లు, అంటే ఆర్‌ఆర్‌ఆర్ (ఆ రెండింటి నిష్పత్తి) 1.9. టీసీ 7.6 కె, ట్రాన్సిషన్ వెడల్పు 0.35 కె. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రే డిఫ్రాక్షన్) (110) పీక్ ఒక్కటే కనిపిస్తోంది, అదీ 38.5 డిగ్రీల దగ్గర. బల్క్ విలువ కూడా అంతే కాబట్టి లాటిస్‌లో (పరమాణువుల అమరికలో) ఆక్సిజన్ లేదనుకున్నాం. పీక్ వెడల్పు 0.8 డిగ్రీలు, షెరర్ సూత్రంతో గ్రెయిన్ (స్ఫటిక రేణువు) 10.5 నానోమీటర్లు వచ్చింది.

ఇంకొకటి. ఇదే పద్ధతిలో వేసిన 30 నానోమీటర్ల ఫిల్మ్ మొదట 6.4 కె చూపించింది, రెండు వారాలు డబ్బాలో ఉంచి మళ్ళీ కొలిస్తే 5.9 కె.

"గ్రెయిన్ చిన్నది కాబట్టి టీసీ పడింది, వాక్యూమ్‌లో 300 డిగ్రీల దగ్గర గంటసేపు ఆనీల్ చేస్తే గ్రెయిన్ పెరుగుతుంది" అని సలహా వచ్చింది. రేపే చేద్దామనుకుంటున్నాం. సరైనదేనా?

శేషాచలం_నీడ

ఆనీల్ మాత్రం చేయకండి. ముందు అది ఆపి తర్వాత మిగతాది చదవండి.

గాలి తగిలిన నియోబియం మీద 5 నానోమీటర్ల వరకు పెంటాక్సైడ్ ఉంటుంది. వాక్యూమ్‌లో 300 డిగ్రీలకు తీసుకెళితే అది ఆవిరై పోదు, కిందికి కరిగి లోహంలోకి దిగుతుంది. లెక్క వేసి చూడండి. 5 నానోమీటర్ల పెంటాక్సైడ్‌లో చదరపు సెంటీమీటరుకు సుమారు 2.6×10¹⁶ ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. కింద మిగిలిన ఫిల్మ్‌లో నియోబియం పరమాణువులు 5.3×10¹⁷. మొత్తం దిగితే 5 అటామిక్ శాతం. నియోబియంలో ఒక్కో అటామిక్ శాతం ఆక్సిజన్‌కు టీసీ 0.93 కె పడుతుంది. ఇప్పుడున్న 7.6 కూడా మిగలదు. అంగుళం మందం లోహానికి ఈ పైపొర లెక్కలోకి రాదు, 100 నానోమీటర్ల ఫిల్మ్‌కు అదే పెద్ద నిల్వ.

ఇక అసలు ప్రశ్న. గ్రెయిన్ చిన్నదైనంత మాత్రాన టీసీ ఇంత పడదు. అయస్కాంత స్వభావం లేని మలినాలూ గ్రెయిన్ బౌండరీలూ ఎలక్ట్రాన్లను ఎంత చెదరగొట్టినా మామూలు అతివాహకంలో టీసీ దాదాపు కదలదు. 1959లో ఆండర్సన్ చెప్పింది ఇదే. గ్రెయిన్ బౌండరీ దెబ్బ తీసేది ఆర్‌ఆర్‌ఆర్‌ను, లండన్ లోతును (అయస్కాంత క్షేత్రం అతివాహకంలోకి దిగే లోతు). టీసీని పడగొట్టేది లాటిస్‌లో దూరిన ఆక్సిజన్, నైట్రోజన్. గ్రెయిన్ బౌండరీ వాటికి దారి ఇస్తుంది, అంతవరకే దాని పాత్ర.

మీ అంకెలతోనే చూద్దాం. 100 నానోమీటర్లకు రెసిస్టివిటీ 300 కె దగ్గర 38, 10 కె దగ్గర 20 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు. తేడా 18. శుద్ధమైన, అతుకు బాగున్న నియోబియంలో ఈ తేడా సుమారు 14.5 ఉండాలి, ఎందుకంటే అది ఫోనాన్ల (లాటిస్ కంపనాల) వాటా, మలినం ఎంత ఉన్నా పెద్దగా మారదు. 18 వచ్చిందంటే కరెంటు ఫిల్మ్ మొత్తంలో పారడం లేదు. 14.5 భాగారం 18 అంటే 0.8, ఇదే అతుకు. అయిదో వంతు అడ్డుకోత దండగ: స్తంభాల (నిలువుగా పెరిగిన గ్రెయిన్ల) మధ్య ఖాళీలు.

ఆ దండగ తీసేస్తే లోహం లోపలి అసలు నిరోధకత 16. టీసీ 9.25 నుంచి 7.6కు పడింది, అంటే 1.65 కె. దాన్ని 0.93తో భాగిస్తే 1.8 అటామిక్ శాతం ఆక్సిజన్. ఒక్కో శాతానికి నిరోధకత 5.2 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి ఆక్సిజన్ వాటా 9.3. మిగిలిన 6.7 గ్రెయిన్ బౌండరీలది, ఉపరితలానిది. రెండు కొలతలూ ఒకే కథ చెబుతున్నాయి.

షెరర్ అంకె గురించి ఒక మాట. మీరు కొలిచింది ఫిల్మ్‌కు నిలువు దిశలో చెదరకుండా ఉన్న పొడవు. స్తంభం అడ్డ కొలత కాదు. పైగా స్ట్రెయిన్ వల్ల వచ్చిన వెడల్పు కూడా అందులో కలిసే ఉంది. అడ్డ కొలత కావాలంటే ఏఎఫ్ఎం (అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపీ) తీయండి. (110) నియోబియం బియ్యం పరిచినట్టు సన్నగా పొడుగ్గా కనిపిస్తుంది, ఆ గింజ వెడల్పు చూడాలి.

తోతాపురి (చిత్తూరు)

అన్నా, లెక్క బాగుండాది గానీ పునాది చూడండి. 18 అనే అంకె 100 నానోమీటర్లను నమ్మి వచ్చింది. ఆ 100 ఎవరు చెప్పినారు? క్రిస్టల్ మానిటర్. టూలింగ్ ఫ్యాక్టర్ (క్రిస్టల్ చోటుకూ వేఫర్ చోటుకూ మధ్య సవరణ) సరిచేయని క్రిస్టల్ 10, 20 శాతం తప్పు చెప్పడం రోజూ ఉండేదే. అసలు మందం 81 అయితే తేడా నిక్కంగా 14.5 అయిపోతాది, మీ అయిదో వంతు ఖాళీలు గాలికి పోతాయి.

అయితే ఒక మేలు ఉండాది. లోపలి నిరోధకతకు మందం అక్కరలే. 14.5ను (ఆర్‌ఆర్‌ఆర్ మైనస్ 1)తో భాగిస్తే చాలు: 14.5 భాగారం 0.9, అంటే 16.1. ఇది మందం మీద ఆధారపడదు, ఖాళీల మీదా ఆధారపడదు. కాబట్టి ఆక్సిజన్ తీర్పు నిలబడతాది, ఖాళీల తీర్పు మందం కొలిచేదాకా వాయిదా.

తమ్ముడూ, ఒక ముక్క మీద మార్కర్ గీత గీసి ఫిల్మ్ వేసి, అసిటోన్‌తో లేపి, స్టైలస్ ప్రొఫైలోమీటర్‌తో మెట్టు కొలువు. అయిదు చోట్ల. ఎక్స్‌రే రిఫ్లెక్టివిటీ దొరికితే ఇంకా మంచిది, మందమూ సాంద్రతా రెండూ ఇస్తాది. సాంద్రత 8.57కు ఎంత దిగువన ఉంటే ఖాళీలు అంత.

అట్నే వేఫర్ వంపు కూడా కొలువు. ఫిల్మ్ వేయకముందు ఒకసారి, వేసినాక ఒకసారి, అదే గీత మీద, వేఫర్ ఫ్లాట్ (చదునుగా కోసిన అంచు) ఒకే వైపు పెట్టి. స్ట్రెస్ తెలియకుండా ఎక్స్‌ఆర్‌డీ పీక్ 38.5 అని సంబరపడితే ఏం లాభం?

0.35 కె వెడల్పు చూసి కూడా తొందరపడొద్దు. క్లిప్పు నీడలో పడిన అంచు పలచగా ఉంటాది, అది ముందే నార్మల్ అయిపోతాది. అంచులు 3 మిల్లీమీటర్లు కోసేసి మధ్య ముక్క కొలువు. 10 మైక్రో ఆంపియర్లతోనూ 100తోనూ కొలిచి టీసీ కదల్లేదని చూసుకో. నిమిషానికి 0.2 కె కంటే వేగంగా దింపొద్దు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ వక్రరేఖలు వేరుపడితే అది ఫిల్మ్ గుణం కాదు, థర్మామీటర్ వెనకబాటు. ముక్క కింద గ్రీజు పలచగా రాయి, దిబ్బలా వద్దు.

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

వాక్యూమ్ వైపు నేను చెబుతాను, అసలు జబ్బు అక్కడే ఉంది.

8×10⁻⁷ మిల్లీబార్ అంటే, బేక్ చేయని ఛాంబర్లో అందులో ఎక్కువ భాగం నీటి ఆవిరే. ఆ ఒత్తిడి దగ్గర చదరపు సెంటీమీటరుకు సెకనుకు 2.9×10¹⁴ నీటి అణువులు వచ్చి తగులుతాయి. మీ రేటు 0.3 నానోమీటర్ అంటే నియోబియం 1.7×10¹⁵. ప్రతి ఆరు నియోబియం పరమాణువులకు ఒక నీటి అణువు! పైవాళ్ళు చెప్పిన 1.8 శాతం నిజమైతే, తగిలినవాటిలో పదింట ఒకటే నిలిచిందన్నమాట. నియోబియం గెటర్‌లా గోడల మీద ఆవిరిని పట్టేయడం వల్ల ఆమాత్రం దక్కింది.

ఇంకో పొరపాటు మీ పోస్టులోనే ఉంది, గమనించారో లేదో. 20 ఎస్‌సీసీఎం పంపి గేట్ వాల్వ్ మూసి ఒత్తిడి పెంచుతున్నారు. వాల్వ్ మూస్తే ఆర్గాన్‌కే కాదు, నీటి ఆవిరికీ పంపింగ్ తగ్గుతుంది. బేస్ రీడింగ్ తీసుకున్నది వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు, ఫిల్మ్ పడుతున్నది వాల్వ్ మూసినప్పుడు. ఆవిరి గోడల నుంచి అదే వేగంతో వస్తూ ఉంటే దాని పాక్షిక ఒత్తిడి మీరు రాసుకున్న దానికి రెండు మూడింతలు కావచ్చు. ఆర్గాన్ 50 ఎస్‌సీసీఎంకు పెంచి వాల్వ్ అంతమేర తెరవండి, టర్బో పంపు మోటారు కరెంటు పరిమితి దాటకుండా.

చేయాల్సినవి, నేను చేయమనే వరసలో:

ఛాంబర్ తెరిచేటప్పుడు పొడి నైట్రోజన్‌తోనే వెంట్ చేయండి, పది నిమిషాల్లో మూసేయండి. అంతకు ముందే చిల్లర్ నీటిని 28 డిగ్రీలకు పెంచండి. మన దగ్గర ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, చిల్లర్ 15 డిగ్రీల దగ్గర తిరుగుతుండగా తలుపు తెరిస్తే గన్ (టార్గెట్ బిగించే భాగం) షీల్డ్‌కు చెమట పడుతుంది. తుడిచినా అడుగున తడి ఉండిపోతుంది. రెండు రోజులు పంపు చేసినా 10⁻⁷ లోకి దిగకపోతే చాలాసార్లు లీకు కాదు, ఇదే. హీలియం లీక్ డిటెక్టర్ పట్టుకుని తిరిగే ముందు క్యాలెండర్ చూడండి.

తర్వాత 120 డిగ్రీల దగ్గర 12 గంటలు బేకింగ్. వైటన్ ఓ-రింగులుంటే 150 దాటించొద్దు. చల్లారాక 1×10⁻⁷ రావాలి, వస్తుంది.

షట్టర్ మూసి పది నిమిషాలు ప్రీస్పటరింగ్. రెండో గన్‌లో టైటానియం ఉంటే ముందు అది అయిదు నిమిషాలు కాల్చండి, ఇంకా మేలు. ఆర్‌జీఏ (మిగిలిన వాయువులను కొలిచే పరికరం) ఉంటే 18వ మాస్, అంటే నీటి ఆవిరి, పడిపోవడం కళ్ళతో చూడొచ్చు. ఆ వెంటనే, ఆర్గాన్ ఆపకుండా, షట్టర్ తెరవండి.

పవర్ పెంచి రేటు సెకనుకు 1 నానోమీటరుకు తీసుకెళ్ళండి. బేస్ ఎనిమిదింతలు తగ్గి, రేటు మూడింతలు పెరిగితే ఆక్సిజన్ పాతికో వంతుకు తగ్గుతుంది. 1.8 శాతం 0.07కు వస్తే టీసీ నష్టం 0.06 కె మాత్రమే. 2 అంగుళాల టార్గెట్‌కు పవర్ పెంచేముందు చల్లదనం చూసుకోండి. చిల్లర్లో బోరు నీళ్ళు పోస్తే గన్ లోపల సున్నం కట్టి, మేలో పవర్ పెంచిన రోజు అయస్కాంతాలు కాలిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ పోసి మూసేయండి.

చివరగా ఆర్గాన్. 99.999 శాతం అంటే మలినం 10 పీపీఎం దాకా ఉండొచ్చు. 1.3 పాస్కల్‌లో అది 1.3×10⁻⁷ మిల్లీబార్. ఇవాళ మీ 8×10⁻⁷ ముందు అది కనబడదు. బేస్ 1×10⁻⁷ అయ్యాక అదే అడ్డుగోడ. అప్పుడు ప్యూరిఫయర్ కొనండి, ఇప్పుడే కాదు.

ఏర్పేడు_ప్యాసింజర్ (తిరుపతి)

ఆనీల్ ఆపేశాం. కొలతలు వచ్చాయి. మెట్టు 93 నానోమీటర్లు (అయిదు చోట్ల 91 నుంచి 95). వంపు వ్యాసార్ధం 50 మీటర్లు, ఫిల్మ్ వైపు లోతుగా వంగింది. అంచులు కోశాక ట్రాన్సిషన్ వెడల్పు 0.35 నుంచి 0.15కు తగ్గింది, టీసీ 7.6 కదల్లేదు. కరెంటు మార్చినా తేడా లేదు.

రెండు సందేహాలు. వంపును ఎలా చదవాలి? ఆర్గాన్ ఒత్తిడి ఎంతకు దించాలి?

శేషాచలం_నీడ

మందం విషయంలో తోతాపురి అన్నది న్యాయం. 93తో తేడా 16.7, అతుకు 0.87. ఖాళీల దండగ 20 కాదు, 13 శాతం. నా అంకె వెనక్కి తీసుకుంటున్నాను.

వంపు నుంచి స్ట్రెస్ తీయడానికి స్టోనీ సూత్రం. (100) సిలికాన్ బయాక్సియల్ మాడ్యులస్ 180.5 గిగాపాస్కల్. దాన్ని వేఫర్ మందం వర్గంతో గుణించి, 6 × వ్యాసార్ధం × ఫిల్మ్ మందంతో భాగించండి. వచ్చేది సుమారు 510 మెగాపాస్కల్, లోతుగా వంగింది కాబట్టి లాగుడు, అంటే టెన్సైల్.

ఇప్పుడు మీ 38.5 డిగ్రీల పీక్‌కు అర్థం మారింది. పక్కలకు 510 మెగాపాస్కల్ లాగుడు ఉంటే నిలువు దిశలో లాటిస్ సుమారు 0.38 శాతం కుంచించుకోవాలి. పీక్ 38.65 దగ్గరికి జరగాలి. జరగలేదు. అంటే లోపల ఏదో లాటిస్‌ను ఉబ్బించి ఆ కుంచింపును పూడ్చేసింది. రెండు తప్పులు కలిసి బల్క్ విలువ అయ్యాయి. కాకపోతే శాంపిల్ ఎత్తు కొంచెం తేడా పడినా 0.1 డిగ్రీ జరుగుతుంది, సిలికాన్ (400) పీక్‌ను 69.1 దగ్గరికి సరిచేశాకే దీన్ని నమ్మండి.

ఆర్గాన్ ఒత్తిడి సంగతి. గది వేడిలో నియోబియానికి ఉపరితలం మీద నడిచే శక్తి లేదు. కరిగే ఉష్ణోగ్రత 2750 కె, మీ సబ్‌స్ట్రేట్ 300 కె, నిష్పత్తి 0.11. పరమాణువు ఎక్కడ పడితే అక్కడే. 1.3 పాస్కల్ దగ్గర ఆర్గాన్ అణువుల సగటు స్వేచ్ఛాపథం 5 మిల్లీమీటర్లే, మీ దూరం 80. నియోబియం బరువైనది కాబట్టి వెంటనే దారి తప్పదు గానీ, చేరేసరికి వేగం పోయి, నలు దిక్కుల నుంచి ఏటవాలుగా వాలుతుంది. ఎత్తైన స్తంభం పక్కదాని మీద నీడ వేస్తుంది. నీడలో ఖాళీ మిగులుతుంది. థార్న్‌టన్ 1974లో స్పటర్ ఫిల్మ్‌ల నిర్మాణం మీద గీసిన పటంలో మొదటి మండలం ఇదే. గాలి తగిలాక ఆక్సిజన్ ఆ ఖాళీల వెంట కిందిదాకా దిగుతుంది. మీ 30 నానోమీటర్ల ఫిల్మ్ రెండు వారాల్లో 0.5 కె పోగొట్టుకోవడానికి అదే కారణం.

ఒత్తిడి తగ్గిస్తే వేగంగా వచ్చే నియోబియమూ, టార్గెట్ నుంచి తిరిగొచ్చే ఆర్గాన్ తటస్థ పరమాణువులూ ఫిల్మ్‌ను సుత్తితో కొట్టినట్టు దట్టం చేస్తాయి. కానీ ఎక్కువ కొడితే స్ట్రెస్ లాగుడు నుంచి నొక్కుడుకు తిరుగుతుంది. ఫిల్మ్ ఫోను తీగలా మెలికలు తిరిగి లేస్తుంది. ఆ మలుపు ఏ ఒత్తిడి దగ్గరో గన్‌కూ దూరానికీ పవర్‌కూ తగ్గట్టు మారుతుంది, నా అంకె మీకు పనికిరాదు. 1.0, 0.8, 0.6, 0.45 పాస్కల్ దగ్గర నాలుగు వేఫర్లు వేసి వంపు గీయండి. సున్నా దాటిన చోటికి కొంచెం కింద, 200 మెగాపాస్కల్ నొక్కుడు లోపు, ఆగండి. టార్గెట్ అరిగేకొద్దీ ఆ బిందువు జరుగుతుంది, నెలకోసారి మళ్ళీ చూడాలి.

స్వర్ణముఖి_ఒడ్డు (తిరుపతి)

ఒక్క విన్నపం. వాక్యూమూ ఒత్తిడీ ఒకేసారి మార్చకండి. మంచి ఫిల్మ్ వస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. బేకింగ్, రేటు మార్చి 1.3 పాస్కల్‌లోనే ఒకటి వేయండి: టీసీ 9 దగ్గరికి ఎగబాకాలి, అతుకు 0.87 దగ్గరే ఉండాలి. పాత వాక్యూమ్‌తో 0.6 పాస్కల్‌లో ఒకటి వేయండి: అతుకు 1 వైపు రావాలి, టీసీ కొంచెమే లేవాలి. ఇలా జరగకపోతే మా లెక్కలే తప్పు, వచ్చి తిట్టండి. రెండు వారాలయ్యాక రెండింటినీ మళ్ళీ కొలవండి.

ఏర్పేడు_ప్యాసింజర్ (తిరుపతి)

ఆ వరసలోనే చేస్తాం. రెజొనేటర్ డిజైన్‌కు ఒక అంకె కావాలి: ఇప్పటి ఫిల్మ్‌తోనే మాస్క్ గీస్తే ఫ్రీక్వెన్సీ ఎంత తప్పుతుంది? ఇంకో సంగతి, అదే ఛాంబర్లో వేసిన టాంటలం 3 కె దాకా దింపినా అతివాహకం కాలేదు. అదీ ఆక్సిజనేనా?

తోతాపురి (చిత్తూరు)

ఫ్రీక్వెన్సీకి కావాల్సింది కైనెటిక్ ఇండక్టెన్స్ (అతివాహక ఎలక్ట్రాన్ల జడత్వం వల్ల వచ్చేది). టీసీకి బాగా దిగువన చదరానికి 1.38 పికోహెన్రీ × నార్మల్ షీట్ నిరోధం ÷ టీసీ. నీ ఫిల్మ్‌కు 1.38 × 2.0 ÷ 7.6, అంటే 0.36. మంచి ఫిల్మ్‌కు షీట్ నిరోధం 0.5 ఓమ్, టీసీ 9.1 అనుకో, 0.076 వస్తాది. అయిదింతల తేడా. జామెట్రిక్ ఇండక్టెన్స్‌కు తోడుగా నీ సిమ్యులేటర్లో ఈ షీట్ విలువ వేసి చూడు. సెంటర్ లైను సన్నబడేకొద్దీ తప్పు పెరుగుతాది. ఫిల్మ్ కుదిరేదాకా మాస్క్ గీయొద్దు, డబ్బు దండగ.

టాంటలం సంగతి వేరే. అది ఆక్సిజన్ కంటే ముందు ఫేజ్ గొడవ. గది వేడిలో వేస్తే ఎక్కువగా బీటా ఫేజ్ పడతాది, టెట్రాగొనల్, టీసీ 1 కె లోపే. నీకు కావాల్సిన ఆల్ఫా, బీసీసీ (బాడీ సెంటర్డ్ క్యూబిక్), 4.48 కె దాకా పోతాది. క్రయోస్టాట్ ఎక్కించక్కరలే, గదిలోనే తేల్చుకోవచ్చు: రెసిస్టివిటీ 150 నుంచి 200 మైక్రో ఓమ్ సెంటీమీటర్లు ఉంటే బీటా. ఎక్స్‌ఆర్‌డీలో 33.7 దగ్గర పీక్ ఉన్నా బీటానే, ఆల్ఫా (110) 38.5 దగ్గర వస్తాది. టాంటలం వేసే ముందు, వాక్యూమ్ విప్పకుండా, 5 నానోమీటర్ల నియోబియం వేసి దాని మీద వెయ్యి. కింద బీసీసీ దొరికితే పైది కూడా అదే పడతాది. నియోబియం వేసినాక అయిదు నిమిషాలు టీకి పోయి వచ్చినావంటే విత్తనం మీద ఆవిరి పట్టి మళ్ళీ బీటానే.